పొట్టిగా ఉంటే కరాటే వదిలేయాలా?

మీరు పొట్టి కాబట్టి స్పారింగ్‌లో (ప్రాక్టీసు పోరులో) హై కిక్కులు అసలు తగలడం లేదని, కరాటే వదిలేసి బ్రూస్ లీ రూపొందించిన జీత్ కునే డో అనే పోరాట పద్ధతికి మారాలా అని అడిగారు. మారక్కర్లేదండీ. బ్రూస్ లీ కూడా ముందు వింగ్ చున్ అనే చైనా యుద్ధకళని గట్టిగా నేర్చుకున్నవాడే, 1964లో అమెరికాలోని ఓక్లాండ్‌లో జరిగిన ఒక పోరు తర్వాత తన పద్ధతిని మళ్లీ తరచి చూసుకుని, బాక్సింగ్ నుంచీ ఫెన్సింగ్ (కత్తిసాము) నుంచీ కావాల్సింది తీసుకుని, 1967లో దానికి జీత్ కునే డో అని పేరు పెట్టాడు. పునాది ఉన్నాకే మార్పులు మొదలయ్యాయి. చాలామంది ఇది మర్చిపోయి, నచ్చినవి నాలుగు ఏరుకుంటే చాలనుకుంటారు, అదే నాకు బాధ.

మీ సమస్య కిక్ కాదు, దూరం. పొడుగు మనిషి కాలు మీకు అందే చోట, మీ చెయ్యి అతనికి అందని చోట నిలబడిపోతున్నారు. అతను దెబ్బకి కదిలిన క్షణంలోనే లోపలికి అడుగేసి, ముందు చేత్తో నేరుగా పంచ్ ఇవ్వండి, వెంటనే పక్కకి తప్పుకోండి. బలమైన చెయ్యి ముందుంచి కూడా చూడండి, బ్రూస్ లీ అలాగే నిలబడేవాడు. పార్ట్‌నర్‌ని మొదట జాబ్ (ముందు చేత్తో వేసే నేరు పంచ్) ఒక్కటే, అదీ నెమ్మదిగా వేయమనండి, టైమింగ్ కుదిరాక వేగం పెంచమనండి. రకరకాల ఎత్తులవాళ్లు నిజంగా ఎదురు తిరిగినప్పుడు కూడా పనిచేసిందే మీ సొంతం అనుకోండి. హై కిక్ ప్రాక్టీసు మాత్రం ఆపొద్దు, అలసిపోయి చేతులు దించినవాడి మీద అది ఇప్పటికీ పనికొస్తుంది.