సర్క్యూట్ బోర్డు డిజైన్: ఏ సాఫ్ట్‌వేర్ నేర్పించాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పొలంలో మోటారును ఫోనుతో వేసే బోర్డు తానే చేస్తానంటున్నాడు. ఒక శిక్షణ కేంద్రం వారు ఈగిల్ నేర్పుతామని ఫీజు అడుగుతున్నారు. స్నేహితులేమో కీక్యాడ్, ఈజీఈడీఏ అంటున్నారట. డబ్బు కట్టమంటారా?

జవాబు: కట్టకండి. ఈగిల్ ఒకప్పుడు సరదాకు బోర్డులు చేసుకునేవారందరికీ తెలిసిన పేరే. కానీ 1988లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ను 2016లో కొనుక్కున్న ఆటోడెస్క్ కంపెనీ, 2026 జూన్ 7తో దాన్ని ఆపేస్తామని 2023లోనే ప్రకటించింది. పైగా దాని ఉచిత రూపంలో 80 చదరపు సెంటీమీటర్లకు మించిన బోర్డు గీయనిచ్చేవారు కాదు.

మీ అబ్బాయికి నేను చెప్పేది కీక్యాడ్. 1992లో ఫ్రాన్స్‌లో జాన్ పియర్ షారా మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌కు తరువాతి కాలంలో సెర్న్ పరిశోధన సంస్థ కూడా చేయి వేసింది. ఇది పూర్తిగా ఉచితం, బోర్డు సైజుకు హద్దు లేదు, ఫైళ్లు మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. బొంబాయి ఐఐటీ వారి ఈసిమ్ అనే సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా దీన్నే ఆధారం చేసుకున్నది. ఈజీఈడీఏ తేలికే, బ్రౌజర్‌లోనే గీసి, అక్కడి నుంచే చైనాలోని తయారీదారుకు ఆర్డర్ పంపవచ్చు. అయితే నెట్ సరిగా అందని పల్లెలో దాని మీదే ఆధారపడటం కష్టం.

ఏది నేర్చినా, అసలు తప్పు జరిగేది మరోచోట. నా దగ్గరకు వచ్చిన ఒక శ్రీకాకుళం విద్యార్థి, తెర మీద ఒక్క లోపమూ చూపని బోర్డును చేయించుకుని వచ్చాడు. తీరా చూస్తే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చు) కాళ్లు రంధ్రాల్లో దిగలేదు. సాఫ్ట్‌వేర్ మనం ఎంచుకున్న ఫుట్‌ప్రింట్‌ను, అంటే ఆ భాగం కాళ్లకు గీసిన రంధ్రాల నమూనాను, నమ్ముతుందే గాని, మన చేతిలోని రిలేను చూడలేదు గదా! అందుకే డిజైన్‌ను అసలు సైజులోనే కాగితం మీద ప్రింటు తీసి, అట్టకు అంటించి, గుండుసూదితో రంధ్రాలు పొడిచి, కొన్న భాగాలను అందులో గుచ్చి చూడమనండి.

మరొకటి, ప్రాణానికి సంబంధించినది. పొలం మోటారుకు వచ్చేది త్రీఫేజ్ కరెంటు. స్టార్టరు తీగల్లో 415 వోల్టులు ఉండవచ్చు. కీక్యాడ్ తనంతట తాను బోర్డు మీది రాగి గీతల మధ్య చూసే ఎడం 0.2 మిల్లీమీటర్లే కాబట్టి, కరెంటు వైపు గీతలకూ ఫోను మాడ్యూల్ వైపు గీతలకూ మధ్య కనీసం 8 మిల్లీమీటర్లు ఉండేలా నియమం మీ అబ్బాయే పెట్టుకోవాలి. మొదటి బోర్డును 12 వోల్టుల బల్బుతోనే పరీక్షించాలి; లెక్చరరు చూసి సరేననే దాకా మోటారు జోలికి పోకూడదు.

ఉద్యోగం సంగతి అంటారా, హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో ఎక్కువగా ఆల్టియం, అల్లెగ్రో అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడతారు. కీక్యాడ్‌లో రెండు మూడు బోర్డులు స్వయంగా పూర్తి చేసినవాడికి మెనూలే మారతాయి, పని మారదు. ఫీజుకని దాచిన డబ్బుతో మంచి సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, కావలసిన భాగాలు కొనిపెట్టండి. ఆ అట్ట మీద రిలే కాళ్లు సాఫీగా దిగిన తరువాతే బోర్డుకు ఆర్డర్ పెట్టమనండి.