మబ్బులు మా మీదుగానే పోతాయి, వాన మాత్రం పడదు

జూలైలో మబ్బులు అనంతపురం మీదుగా తూర్పుకు పరుగెత్తుతాయి గానీ కురవవు, ఎందుకని అడిగారు. వేరుశనగ విత్తి ఆకాశం వంక చూసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. రామగిరి గాలిమరలు మబ్బులను తరిమేస్తున్నాయనే మాట నమ్మకండి. మరలు రాకముందూ మాది కరవు సీమే. తప్పంతా పడమటి కనుమలది.

ఒక జూలైలో స్నేహితుడితో ఆ కనుమల మీదున్న కర్ణాటక ఊరు ఆగుంబె వెళ్లాను. రెండు రోజులు ఎండ మొహం చూడలేదు. తువ్వాలు ఉతికి ఆరేస్తే మర్నాటికి ముక్కిన వాసన. అగ్గిపుల్ల గీస్తే వెలగదు. సోమేశ్వర వైపు దిగే ఘాట్ రోడ్డు అంచున నిలబడితే, కింద నుంచి మబ్బు పొగలా ఎగదన్నుకొచ్చి కళ్లద్దాలు తడిపేసింది. అరేబియా సముద్రపు తడిగాలికి కొండ అడ్డు తగిలితే పైకెక్కక తప్పదు. పైన ఒత్తిడి తక్కువ, అందుకని వ్యాకోచిస్తుంది. ఆ ఖర్చుకు బయట వేడి అప్పు పుట్టదు, తన వేడే వాడుకోవాలి. కిలోమీటరు ఎక్కితే 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. ఆవిరి బొట్లుగా మారడం మొదలయ్యాక ఆ బొట్లు వదిలే వేడి వల్ల సుమారు సగమే. అక్కడ ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుందంటే మరి ఊరికే కాదు.

మూడో రోజు ఇంటికొచ్చి అదే తువ్వాలు దండెం మీద వేశాను. కాఫీ తాగేలోపు అప్పడంలా ఎండి, దుమ్ము కూడా పట్టింది. నీళ్లు అటు ఒలకబోసుకున్న గాలి ఇటు దిగుతూ, ఒత్తిడికి కుదించుకుపోయి వేడెక్కుతుంది. సైకిలు పంపు పదిసార్లు గట్టిగా కొట్టి అడుగున చెయ్యి పెట్టి చూడండి. వేడెక్కిన గాలికి దాహం ఎక్కువ, ఉన్న మబ్బునూ తాగేస్తుంది. మా వాటా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అందులోనూ నికరంగా పడేది సెప్టెంబరు, అక్టోబరులలోనే. అప్పటికి చేను వాడిపోతే ఎవరిని అడగాలి?

ఇంతకీ గాలి ఇలా వ్యాకోచిస్తూ చల్లబడటాన్ని, కుదించుకుపోతూ వేడెక్కడాన్ని పాఠ్యపుస్తకంలో స్థిరోష్ణక ప్రక్రియ అన్నారు. ఆ పేరు పెట్టినవాళ్ల మీద నాకు పాత కోపం ఉంది. వేడి ఇచ్చిపుచ్చుకోవడం ఉండదని వాళ్ల ఉద్దేశం. కానీ ‘స్థిర’ అని చదివిన పిల్లవాడికి ఏమి తోస్తుంది? ఉష్ణోగ్రత మారదనే కదా! మారేదే అది. ఇంటర్మీడియట్ పరీక్షలో నేను సరిగ్గా అలాగే రాసి, నాలుగు మార్కులు పోగొట్టుకున్నాను.