ఘంటసాల సంతకం ఉన్న ఎల్పీ కొనేముందు ఏం చూడాలి?

అమలాపురంలో ఒకాయన ఘంటసాల సంతకం ఉన్న ఎల్పీ (పాతకాలం పెద్ద గ్రామఫోను రికార్డు) అమ్ముతున్నారని, 1986 గోదావరి వరదల్లో అట్ట తడిసినా సంతకం చెక్కుచెదరలేదని ఆయన చెబుతున్నారని, కొనొచ్చా అని మీరు అడిగారు. సంతకం వంపులు తరవాత చూద్దురుగానీ, ముందు రికార్డు బయటికి తీయించి లేబుల్ చదవండి.

లేబుల్ మీదో అట్ట వెనక అడుగునో సున్నాలో పీ అక్షరం, దాని పక్కన ఏడాది ఉంటుంది. ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరి 11న. ఆయన పాటల్ని ఏరి కూర్చిన ఎల్పీలు ఆ తరవాత చాలా వచ్చాయి. అక్కడ 1975 కనిపించినా, 1982 కనిపించినా బేరం అక్కడితో సరి. ఏడాది లేకపోతే అట్ట మీది చిరునామా చూడండి. పిన్‌కోడు మన దేశంలో వచ్చింది 1972 ఆగస్టు 15న. చిరునామాలో పిన్‌కోడు అచ్చయి ఉంటే "1968లో మా నాన్నగారు పెట్టించుకున్నారు" అన్న మాట నిలబడదు. ఉత్తరాలు, లెటర్‌హెడ్‌లు కొనేటప్పుడూ ఇదే లెక్క. ఘంటసాలకి పద్మశ్రీ వచ్చింది 1970లో, మద్రాసు చెన్నై అయింది 1996లో. వీటితో పొసగని కాగితం మీద సంతకం ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయాల్సిందే.

ఇక వరద సంగతి. అమ్మేవాళ్లు దాన్ని సాక్ష్యంగా చెబుతారుగానీ, పరీక్ష పెట్టాల్సింది సరిగ్గా అక్కడే. అట్ట తడిసి ఆరితే నీళ్లు ఎక్కడిదాకా పాకాయో అక్కడ గోధుమరంగు చార పడుతుంది. సంతకం ఆ చారని దాటుతుంటే, దాటిన చోట పది రెట్ల భూతద్దం పెట్టండి. మామూలు నీలిరంగు ఫౌంటెన్ పెన్ సిరా అయితే తడిసినవైపు అలుక్కుపోవాలి, కొంత రంగు కొట్టుకెళ్లి చార అంచున నీలిగా పేరుకోవాలి. అలా కాకుండా ఇటూ అటూ ఒకే మందంలో, ఒకే రంగులో గీత సాగిపోతే అది అట్ట ఆరాక పెట్టిన సంతకం. అంటే 1986 ఆగస్టు తరవాత. అప్పటికి ఆయన పోయి పన్నెండేళ్లు దాటింది.

ఈ పరీక్ష బాల్‌పెన్నుకి పనిచెయ్యదు. దాని సిరా జిడ్డుగా ఉంటుంది, నీళ్లకి కదలదు. బ్లూబ్లాక్ సిరా కూడా చాలావరకు నిలుస్తుంది. కాబట్టి ముందు ఏ పెన్నో తేల్చుకోవాలి. గదిలో లైటు ఆర్పి, టార్చిని అట్టకి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు కొట్టండి. బాల్‌పెన్ అయితే గీత వెంబడి గాడి కనిపిస్తుంది, మలుపు తిరిగాక చిన్న సిరా ముద్ద ఉంటుంది. ఫౌంటెన్ పెన్ సిరా కాగితం మీద సన్నని పీచులుగా పాకుతుంది. జెల్ పెన్ గీతలో అంచులు ముదురుగా, నడుమ పలచగా ఉంటుంది. జెల్ పెన్ను జపాన్‌లో పుట్టిందే 1984లో, ఘంటసాల చేతిలోకి ఎలా వస్తుంది? అరవైల నాటి అట్ట మీద వెండిరంగు మార్కర్ కనిపించినా అంతే అనుమానించాలి. భూతద్దంలో గీత బదులు చుక్కలు కనిపిస్తే అది అచ్చులో పడిన సంతకం. అభిమానులకి పంపే ఫొటోల మీద అలాంటివి ఉంటాయి, తెలియక అసలు ధర పెట్టి కొంటారు. ఎట్టి పరిస్థితుల్లోనూ తడిదూదితో రుద్దనివ్వకండి. అసలైనదైతే అది కాస్తా పోతుంది.

బాల్‌పెన్ అని తేలితే మడతలు చూడాలి. ఎల్పీ అట్ట మీద లోపలి రికార్డు ఒరుసుకుని గుండ్రటి అరుగుడు పడుతుంది, మూలలు పగులుతాయి. పాత సంతకమైతే ఆ అరుగుడులో సిరా కూడా అరిగి ఉండాలి. పగులు లోపలికి, తెల్లటి కాగితం పీచులోకి సిరా దిగి ఉంటే అట్ట పాతబడ్డాక రాసిందన్నమాట. పైన ప్లాస్టిక్ పొరతో నిగనిగలాడే అట్టల మీద ఫౌంటెన్ పెన్ సిరా అసలు పట్టదు, చినుకుల్లా విడిపోతుంది. అందుకే సంతకం అట్ట వెనక పొర లేని చోట ఉంటే నమ్మకం పెరుగుతుంది.

అక్షరాల దగ్గరికి వస్తే, తెలుగు సంతకంలో తలకట్టు చూడండి. రోజూ పెట్టే చెయ్యి తలకట్టుని అక్షరంలోంచే లాగేస్తుంది, ఒక్కోసారి రెండు మూడు అక్షరాలకి కలిపి ఒకే విసురు విసురుతుంది. చూసి రాసేవాడు అక్షరం పూర్తిచేసి, పెన్నెత్తి, మళ్లీ ఆనించి తలకట్టు పెడతాడు. ఆనించిన చోట మొద్దుగా చుక్క పడుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే సంతకంతో పోల్చి "అచ్చు గుద్దినట్టుంది" అని సంబరపడొద్దు. ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా సంతకం పెట్టడు. ఫోన్లో ఒకదాని మీద ఒకటి పెడితే గీతకి గీత సరిపోయిందంటే దిద్దిందే. అదే కాలానికి చెందిన నాలుగైదు సంతకాలతో పోల్చాలి, వయసుతో చెయ్యి మారుతుంది.

నిజం చెప్పాలంటే మన ప్రాంతంలో ఎల్పీల వెంట పడటమే పొరపాటని నా గట్టి అభిప్రాయం. అప్పట్లో జనం సంతకాలు పెట్టించుకున్నది ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో, కచేరీ కరపత్రాల మీద. కాకినాడ సరస్వతీ గానసభ కచేరీలకి, శ్రీరామనవమి పందిళ్లకి వేసిన కాగితాలు పాత ఇళ్ల ట్రంకుపెట్టెల్లో ఇంకా ఉన్నాయి. వాటి మీద తేదీ, ఊరు, పక్కవాద్యాల వాళ్ల పేర్లు అచ్చయి ఉంటాయి. అదే కాగితం మీద వయొలిన్, మృదంగం వాయించినవాళ్లు కూడా సంతకం చేసి ఉంటే కళ్లకద్దుకుని కొనండి. దొంగసంతకం పెట్టేవాడు మృదంగ విద్వాంసుడి సంతకం కోసం శ్రమపడడు. "చిరంజీవి ఫలానాకి ఆశీస్సులతో" అని పేరు రాసి ఉంటే విలువ తగ్గుతుందని కొందరు వ్యాపారులు బేరం తగ్గిస్తారు. తగ్గించనివ్వండి, మీకే లాభం. ఆ పేరు గల మనిషి ఆ ఊళ్లో ఉండేవాడా అని కనుక్కోవడానికి అదే దారి. సంతకం అసలైనదేనని జిరాక్స్ షాపులో అచ్చేయించిన సర్టిఫికెట్ కన్నా అది వెయ్యిరెట్లు నయం.

మన గోదావరి డెల్టాలో పుట్టిన సంగీత విద్వాంసుల సంతకాలు వదిలేసి అందరూ సినిమా గాయకుల మీదే పడటం నాకు మింగుడుపడదు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ 2016 దాకా ఉన్నారు కాబట్టి ఆయనవి దొరికే వీలెక్కువ. వీణ విద్వాంసుల్లో ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి 1987లోనే పోయారు, కాకినాడ చిట్టిబాబు 1996లో పోయారు. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ నలభై అయిదేళ్లకే 2014లో పోయారు. ఆయనది క్యాసెట్‌ మీద గానీ సీడీ మీద గానీ కొంటే లోపలి కాగితం మీద సంతకం ఉన్నదే తీసుకోండి. ప్లాస్టిక్ డబ్బా మీదిది చేతులు మారేకొద్దీ చెరిగిపోతుంది.

కొన్నాక లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు తగిలించొద్దు. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే సిరా వాటికి అంటుకుని వచ్చేస్తుంది, పాలీప్రొపిలీన్ కవర్లు తెప్పించుకోండి. మన చెమ్మకి గోడ బీరువా పనికిరాదు. గోడకి జానెడు దూరంలో, నిలువుగా, సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. ఆ పొట్లాలు వానాకాలంలో తొందరగా నిండిపోతాయి, రంగు మారే రకం కొంటే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది.

అమలాపురం ఆయన్ని ప్రస్తుతానికి మూడు ఫొటోలు అడగండి. లేబుల్ రెండువైపులా, అట్ట వెనక అడుగుభాగం, టార్చి పక్కనుంచి కొట్టి తీసిన సంతకం. నచ్చకపోతే పదిహేను రోజుల్లో వెనక్కి తీసుకుంటానని కాగితం మీద రాసిమ్మనండి. ఈ రెంటికీ ఒప్పుకోకపోతే రికార్డుకి మాత్రమే ధర కట్టండి.