సీవెల్‌ని వదిలేసి చేజ్‌ని తీసుకోవడం తప్పా? డ్రాఫ్ట్‌కు ముందు ఓ-లైన్ లెక్క ఎలా వేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2021 డ్రాఫ్ట్‌లో సిన్సినాటి బెంగాల్స్ ఐదో పిక్‌తో (ఐదో వంతుతో) లైన్ చివర నిలబడే టాకిల్ పెనే సీవెల్‌ని వదిలేసి, పాస్ అందుకునే రిసీవర్ జమార్ చేజ్‌ని తీసుకుంది, ఆ సీజనంతా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జో బరో నేలమీదే ఉన్నాడు, మరి అది తప్పు కాదా? ప్రతి ఏప్రిల్‌లోనూ అభిమానుల మధ్య ఇదే తగువు కదా, ఒక జట్టు ఓ-లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఐదుగురి వరుస) ప్లాన్ బాగుందో లేదో డ్రాఫ్ట్‌కు ముందే చెప్పగలమా?

చెప్పగలం. ముందు మీ మొదటి ప్రశ్న. చేజ్‌ని తీసుకోవడం తప్పు కాదు. తప్పు మరుసటి రోజు రెండో రౌండ్‌లో జరిగింది. దాని మూలం మార్చిలోనే ఉంది.

అంకెలు చూడండి. 2021 రెగ్యులర్ సీజన్‌లో బరో 51 సార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి వదిలేలోపే ఎదుటివాళ్లు కూల్చేశారు. లీగ్‌లో అదే ఎక్కువ. ప్లేఆఫ్స్‌లో ఇంకో 19. అందులో టెన్నెసీ మీద ఒక్క ఆటలోనే 9, అయినా 19-16తో గెలిచారు. ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో రామ్స్ చేతిలో 7, అక్కడ 23-20తో ఓడారు. ఈ అంకెలు చూపించి "సీవెల్ ఉంటే..." అనడం తేలిక. కానీ శాక్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా శాక్‌లు లెక్కపెట్టడం వృథా. ఆ జట్టుకు లెఫ్ట్ టాకిల్‌గా జోనా విలియమ్స్ ఉన్నాడు, 2019లో 11వ పిక్. రైట్ టాకిల్‌కి మార్చిలో రైలీ రీఫ్‌ని ఏడాదికి 75 లక్షల డాలర్లకు తెచ్చుకున్నారు. అసలు చిల్లు లోపలి మూడు స్థానాల్లో, అంటే మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డుల దగ్గర ఉంది. సెంటర్ ట్రే హాప్కిన్స్ మోకాలి లిగమెంట్ అంతకు ముందు సీజన్ ఆఖరి ఆటలో తెగింది. గార్డులిద్దరూ ఎవరో ఖాయంగా చెప్పగలిగే స్థితి లేదు. టాకిల్ ఎంత గొప్పవాడైనా గార్డ్ పక్కనుంచి దూరేవాణ్ణి ఆపలేడు.

ఓ-లైన్ ఎందుకు ఇంత చిక్కో అర్థం కావాలంటే కబడ్డీ చైన్ గుర్తు తెచ్చుకోండి. నలుగురు ఎంత గట్టిగా పట్టుకున్నా ఐదోవాడి చేయి జారితే రెయిడర్ అక్కడినుంచే బయటపడతాడు. రిసీవర్లలో ఒకడు బలహీనుడైతే బంతి ఇంకొకడికి వేస్తారు. లైన్లో ఒకడు బలహీనుడైతే అవతలి కోచ్ ఆటంతా వాడి ఎదురుగానే తన మొనగాణ్ణి నిలబెడతాడు. అందుకని అగ్రశ్రేణి టాకిల్ ఒక్కడిని తేవడం కన్నా అధ్వాన్నంగా ఉన్న స్థానాన్ని ఓ మాదిరి స్థాయికి తేవడంలోనే లాభం ఎక్కువ. ప్లాన్‌ని తూచే మొదటి రాయి ఇదే.

ఇప్పుడు లెక్క వేసే పద్ధతి. కాగితం మీద ఐదు గళ్లు గీయండి: లెఫ్ట్ టాకిల్, లెఫ్ట్ గార్డ్, సెంటర్, రైట్ గార్డ్, రైట్ టాకిల్. ఒక్కో గడిలో పేరు, వయసు, కాంట్రాక్టు ముగిసే ఏడాది, గత రెండు సీజన్లలో ఆడలేకపోయిన ఆటల సంఖ్య రాయండి. కింద రెండో వరుసలో, ఆ మనిషి పడిపోతే ఎవరు దిగుతారో రాయండి. చాలామంది ఈ రెండో వరుస దగ్గరే ఆగిపోతారు. 53 మంది రోస్టర్‌లో లైన్‌మెన్ మామూలుగా తొమ్మిది, పదిమంది ఉంటారు. లీగ్‌కి, ఆటగాళ్ల సంఘానికి మధ్య కుదిరిన 2020 ఒప్పందం తర్వాత, ఆట రోజు ఎనిమిది మంది లైన్‌మెన్‌ని యాక్టివ్‌గా ఉంచితేనే జట్టు 48 మందిని దింపుకోగలదు, లేకపోతే 47. అంటే ఐదుగురు కాక ఇంకో ముగ్గురు: రెండు వైపులా ఆడగల స్వింగ్ టాకిల్ ఒకడు, బంతి స్నాప్ చేయడం (కాళ్ల మధ్యనుంచి వెనక్కి అందించడం) వచ్చిన లోపలి ఆటగాడు ఒకడు, ఇంకొకడు. స్నాప్ చేయగల రెండో మనిషి లేని జట్టు ప్లాన్, కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, సగం ప్లానే.

ఈ ముగ్గురి విలువ తెలియాలంటే 2023 జనవరిలో బెంగాల్స్‌నే చూడండి. 2022లో డబ్బు పోసి అలెక్స్ కాపా, టెడ్ కారస్, లాయెల్ కాలిన్స్‌ని తెచ్చి లైన్‌ని బాగు చేశారు. ప్లేఆఫ్స్‌లో బఫలో మీద ఆడే వేళకు కాలిన్స్, కాపా, విలియమ్స్ ముగ్గురూ గాయాలతో బయట ఉన్నారు. మంచులో, మార్పు ఆటగాళ్లతోనే 27-10తో గెలిచారు. తర్వాతి వారం కాన్సస్ సిటీ చేతిలో బరో ఐదుసార్లు శాక్ అయ్యాడు, 23-20తో ఓడారు. రెండో వరుస ఒక ఆట మోయగలదు, వరుసగా మోయలేదు.

గళ్లు నిండాక ఖాళీలకు తేదీలు వేయండి. ఈ సెప్టెంబరుకే ఖాళీగా ఉన్న గడి, వచ్చే ఏడాది ఖాళీ అయ్యే గడి, ఆ పైఏడాది ఖాళీ అయ్యే గడి. నా దృష్టిలో మొదటి రకం ఖాళీ మార్చిలో, ఫ్రీ ఏజెన్సీలోనో (కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్ల మార్కెట్) ట్రేడ్‌లోనో, కనీసం అతుకైనా వేసుకోవాల్సింది. రెండో రకానికి తొలి మూడు రౌండ్లు. మూడో రకానికి నాలుగో రౌండ్ నుంచి కింద. ఈ సెప్టెంబరు ఖాళీని ఏప్రిల్‌కు వదిలేయడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. ఐపీఎల్ వేలంలోలాగా ఇంకో కోటి పెంచి కావాల్సినవాణ్ణి పట్టుకెళ్లడానికి ఇక్కడ వీలుండదు. మీ వంతు వచ్చేసరికి బోర్డు మీద ఎవరు మిగిలితే వాళ్లే. పైకి ఎగబాకాలంటే మరిన్ని పిక్‌లు ధారపోయాలి.

2021 వసంతంలోనే కాన్సస్ సిటీ చేసింది చూస్తే తేడా తెలుస్తుంది. 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో టాకిళ్లు ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో లేరు. టాంపా బే 31-9తో చితక్కొట్టింది. మార్చిలో ఇద్దరినీ వదిలేశారు. గార్డ్ జో థూనీకి ఐదేళ్లకు 8 కోట్ల డాలర్లు ఇచ్చారు. సెంటర్‌కి ఆస్టిన్ బ్లైత్‌ని ఒక్క ఏడాదికి తెచ్చారు. డ్రాఫ్ట్‌కు వారం ముందు మొదటి రౌండ్ పిక్‌తో పాటు మరికొన్ని ఇచ్చి బాల్టిమోర్ నుంచి టాకిల్ ఓర్లాండో బ్రౌన్ జూనియర్‌ని ట్రేడ్‌లో పట్టారు. డ్రాఫ్ట్ రోజుకి అత్యవసరమైన గడి ఖాళీగా లేదు. కాబట్టి తొందరపడకుండా కూర్చుని 63వ పిక్‌తో సెంటర్ క్రీడ్ హంఫ్రీని, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డల చరిత్ర వల్ల జారిపోయిన గార్డ్ ట్రే స్మిత్‌ని 226వ పిక్‌తో పట్టుకున్నారు. ఆ సెప్టెంబరులో ఐదు స్థానాల్లోనూ కొత్తవాళ్లే. రెండేళ్లు తిరక్కుండానే, ఆ సీజన్‌లో 70 శాక్‌లు చేసిన ఫిలడెల్ఫియా మీద సూపర్ బౌల్‌లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ ఒక్క శాక్ కూడా కాలేదు.

బెంగాల్స్ అదే రెండో రౌండ్‌లో 38వ పిక్‌ని న్యూ ఇంగ్లండ్‌కు ఇచ్చి 46కి దిగారు, రెండు నాలుగో రౌండ్ పిక్‌లు అదనంగా తెచ్చుకున్నారు. దిగడం నేరం కాదు. 46తో క్లెమ్సన్ లెఫ్ట్ టాకిల్ జాక్సన్ కార్మన్‌ని తీసుకుని గార్డ్‌గా మార్చబోయారు. అక్కడ తిన్నారు దెబ్బ. సెంటర్ మోకాలు బాగవుతున్న జట్టు, హంఫ్రీ ఇంకా బోర్డు మీద ఉండగా, అలవాటు లేని స్థానానికి ఒకణ్ణి తెచ్చి వెంటనే ఆడించాలనుకుంది. కార్మన్ ఆ ఏడాది గార్డ్ స్థానాన్ని నిలబెట్టుకోలేకపోయాడు. ట్రే స్మిత్ విషయంలో మాత్రం వీళ్లని అనను. అతణ్ణి ముప్పై రెండు జట్లూ పలుమార్లు దాటేశాయి, వైద్య నివేదికల సంగతి బయటివాళ్లం తూచలేం.

స్థానం మార్పు ఎందుకంత కష్టమంటారా? లెఫ్ట్ టాకిల్ ఎడమ కాలు వెనక్కి పెట్టి నిలబడతాడు, పాస్ ఆటలో ఆ కాలితోనే వెనక్కి అడుగేస్తాడు. రైట్‌కి మారితే కాళ్లు, చేతులు, తుంటి అన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడాలి. ఒరెగన్‌లో ఎడమవైపు ఆడిన సీవెల్ కూడా డెట్రాయిట్‌లో కుడివైపుకి మారే తొలి నెలల్లో తడబడ్డాడు. టాకిల్ నుంచి గార్డ్‌కి మారితే ఇంకో ఇబ్బంది: ఎదుటివాడు అరక్షణంలో మీద పడతాడు. టాకిల్‌కి వెనక్కి జరిగి చూసుకునే జాగా ఉంటుంది, గార్డ్‌కి ఉండదు. ఒక్క ఏడాది గడువు ఉంటే ఈ మార్పు సాధ్యమే. వారం ఒకటి నుంచే కావాలంటే మాత్రం భయపడండి.

ఏ స్థానాన్ని ఏ రౌండ్‌లో వెతకాలి అన్నదానికి నా కొలత ముతకగానే ఉంటుంది. 300 పౌండ్ల బరువుతో, 33 అంగుళాలకు తగ్గని చేతులతో, చురుకైన కాళ్లున్న మనుషులు భూమ్మీదే తక్కువ. అందుకే నమ్మకమైన టాకిళ్లు మొదటి రౌండ్‌లోనే చాలావరకు అయిపోతారు. గార్డ్, సెంటర్ 40 నుంచి 100 పిక్‌ల మధ్య దొరుకుతారు. సెంటర్ల విషయంలో ఒక ఆర్థిక మెలిక ఉంది, అభిమానుల వాదనల్లో ఇది పెద్దగా వినబడదు. ఫ్రాంచైజ్ ట్యాగ్ (కాంట్రాక్టు ముగిసినవాణ్ణి నిర్ణీత జీతంతో ఇంకో ఏడాది ఆపుకోవడం), మొదటి రౌండ్ ఆటగాడి ఐదో ఏడాది ఆప్షన్ (నాలుగేళ్ల కాంట్రాక్టును జట్టు ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు), ఈ రెండింటికీ లైన్‌మెన్ అందరినీ ఒకే గంపలో వేసి లెక్కిస్తారు. అంటే సెంటర్‌కి కూడా టాకిల్ రేటే. 2025లో బాల్టిమోర్ టైలర్ లిండర్‌బామ్ ఆప్షన్‌ని తీసుకోకపోవడానికి కారణం అతని ఆట కాదు, 2.3 కోట్ల డాలర్లు దాటిన ఆ ధర. మొదటి రౌండ్‌లో సెంటర్‌ని తీసుకుంటే ఐదో ఏడాది అనే లాభం సగం పోయినట్టే.

వీడియో చూసేవాళ్లకి ఒక మాట. హైలైట్స్ పక్కన పెట్టండి. కాలేజీలో చాలా జట్లు స్క్రీన్‌లు (పొట్టి పాస్‌లు), ఆర్‌పీవోలే (పరుగో పాసో అప్పటికప్పుడు తేల్చే ఆటలు) ఆడతాయి, బంతి క్షణంలో చేయి దాటుతుంది, టాకిల్ పని చేసినట్టు కనిపిస్తాడంతే. థర్డ్ డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఏడు గజాలు, అంతకంటే ఎక్కువ కావాల్సిన ఆటలే ఏరుకోండి. బలమైన ప్రత్యర్థుల మీద ఆడిన రెండు మూడు మ్యాచ్‌ల నుంచి పాతికో ముప్పయ్యో స్నాప్‌లు చాలు. చూడాల్సినవి: మొదటి అడుగు తర్వాత భుజాలు పక్కకు తిరిగిపోతున్నాయా, చేతులు ఎదుటివాడి ఛాతీ మీద పడుతున్నాయా లేక భుజాల బయట పడి హోల్డింగ్ (పట్టుకుని ఆపే ఫౌల్) అవుతున్నాయా, బుల్ రష్‌కి (బలంతో నేరుగా తోసుకొచ్చేవాడికి) రెండు అడుగుల్లో నిలదొక్కుకుంటున్నాడా. అన్నిటికన్నా ముఖ్యం స్టంట్. అవతలి డిఫెన్స్ ఎండ్, డిఫెన్స్ టాకిల్ దారులు మార్చుకుని కత్తెరలా దూసుకొస్తే తన మనిషిని పక్కవాడికి అప్పగించి వచ్చేవాణ్ణి అందుకుంటున్నాడా, లేక మొదటివాడి వెంటే పోతున్నాడా. రూకీలు (తొలి ఏడాది ఆటగాళ్లు) ఎక్కువగా ఓడేది బలం దగ్గర కాదు, ఇక్కడ. అందుకే ఇద్దరు రూకీలను పక్కపక్కన నిలబెట్టే ప్లాన్ అంటే నాకు పడదు.

ఒకసారి సరిగ్గా చేసిన జట్టు మళ్లీ సరిగ్గానే చేస్తుందనుకోవద్దు. అదే కాన్సస్ సిటీ 2024లో లెఫ్ట్ టాకిల్ గడిని రెండో రౌండ్ రూకీ కింగ్స్‌లీ సువామటాయియాకు అప్పగించింది. రెండో వారానికే, బెంగాల్స్ ఎండ్ ట్రే హెండ్రిక్సన్ ధాటికి, అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టారు. సీజన్ చివరికి థూనీనే టాకిల్‌కి జరపాల్సి వచ్చింది. ఒక చిల్లు పూడ్చబోతే గార్డ్ దగ్గర రెండోది తెరుచుకుంది. సూపర్ బౌల్‌లో 6 శాక్‌లు, 40-22 ఓటమి. మార్చిలో ఓ అనుభవజ్ఞుణ్ణి తెచ్చి ఉంటే ఆ ఖర్చు అంతకన్నా ఎక్కువ అయ్యేది కాదు.

క్వార్టర్‌బ్యాక్‌ని కూడా లెక్కలో వేయండి. రెండున్నర సెకన్లు దాటి బంతి చేతిలో ఉంటే ఆ శాక్‌ని లైన్ ఖాతాలో మొత్తం రాయకూడదు. క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడే రన్నింగ్ బ్యాక్‌ని కూడా బయటికి పంపి ఎంప్టీ ఆడితే ఐదుగురికి ఐదుగురే, సాయం చేసేవాడు ఉండడు. బరోకి అదే ఇష్టం.

ఇక సీవెల్. 2023, 2024ల్లో ఫస్ట్ టీమ్ ఆల్-ప్రో (లీగ్‌లో ఆ స్థానంలో అత్యుత్తముల జాబితా), నాలుగేళ్లకు 11.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టు, రెండూ న్యాయమే. కానీ అతను వెళ్లింది టేలర్ డెకర్, ఫ్రాంక్ రాగ్నో అప్పటికే ఉన్న లైన్‌లోకి. సిన్సినాటికి వచ్చి ఉంటే డిసెంబరులో రీఫ్ గాయపడ్డాక రైట్ టాకిల్ కష్టం తప్పేది, అది కాదనను. రామ్స్‌తో ఆడిన ఆ సూపర్ బౌల్ ఆఖరి ఫోర్త్ డౌన్ (చివరి ప్రయత్నం) మాత్రం మళ్లీ వేసుకుని చూడండి. రామ్స్ ఆటగాడు ఆరన్ డొనాల్డ్ గార్డ్‌ని దాటుకుని లోపలి నుంచి వచ్చి బరోని గిరగిరా తిప్పేస్తున్నాడు. అవతల తనని కాస్తున్న జేలెన్ రామ్సీ జారిపడగా చేజ్ ఒంటరిగా పరిగెత్తుతున్నాడు.