పిల్లల ఆసుపత్రిలో సేవ చేస్తే ఎంబీబీఎస్ సీటుకు కలిసొస్తుందా?

కలిసిరాదు, మన దేశంలో ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకు, రిజర్వేషన్ కేటగిరీలను బట్టే వస్తుంది, డిగ్రీ అయ్యాక వాలంటీర్‌గా ఎన్ని నెలలు చేసినా ఒక్క మార్కు కలవదు. 720 మార్కుల పరీక్షలో ఇద్దరికి సమానంగా వస్తే ముందు బయాలజీ మార్కులు చూస్తారు, ఆ తర్వాత కెమిస్ట్రీ, ఫిజిక్స్. ఆసుపత్రి సేవను లెక్కలోకి తీసుకోరు.

అపోహ ఎక్కువగా అమెరికా చుట్టాల మాటల వల్ల వస్తుంది. అక్కడ నాలుగేళ్ల డిగ్రీ తర్వాతే మెడిసిన్. ఎంక్యాట్ అనే అక్కడి మెడికల్ ప్రవేశ పరీక్ష స్కోరు, డిగ్రీ మార్కులతో పాటు రోగుల మధ్య గడిపిన అనుభవాన్ని, సేవను కాలేజీలు నిజంగానే చూస్తాయి. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, మన పద్ధతి వేరు, అంతే.

అలాగని సేవ వృథా అనుకోకండి. జ్వరంతో ఏడ్చే పసివాడిని, నిద్రలేని తల్లిని దగ్గర్నుంచి చూస్తే ఈ వృత్తి మనకు సరిపడుతుందో లేదో తెలుస్తుంది. అది కోచింగ్‌లో దొరకదు.

కాకపోతే టైమ్ చూసుకోవాలి. అమలాపురంలో బీఎస్సీ ముగించి నీట్‌కు చదివే అమ్మాయి రోజూ కాకినాడ వెళ్లొస్తే బస్సులోనే సగం శక్తి పోతుంది. అదే సొంత ఊళ్లో ఆదివారం పూట మూడు గంటలైతే చదువు దెబ్బతినదు. పరీక్ష సాధారణంగా మే మొదట్లో ఉంటుంది కాబట్టి, మార్చి నుంచి రాలేనని ఆసుపత్రి వాళ్లకు చేరేటప్పుడే చెప్పడం మంచిది.