తాకి చూడండి, తర్వాత ధర అడగండి

పోయిన సంచికలో ఒక మాట రాశాను, ఖరీదైనది ఏది కొన్నా కంటికంటే ముందు చేతికి పని చెప్పండి అని. అంతే, ఉత్తరాలు వచ్చి పడ్డాయి. కర్నూలు, అనంతపురం, కడప మూడు జిల్లాల వాళ్లూ చీరలతో మొదలుపెట్టి సంగటి దాకా అడిగేశారు. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నిటికి రెండు ముక్కలే.

అక్కా, మాఘంలో మా పాప పెళ్లి. ధర్మవరం పట్టు అని చూపించేవన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఒక షాపులో 12 వేలు, ఇంకో షాపులో చూడ్డానికి అట్లాంటిదే 30 వేలు. చేత్తో పట్టుకుంటే తెలుస్తుందన్నారు, నాకైతే ఏమీ తెలియలేదు.
ఒక తల్లి, కర్నూలు

ఒక్క చీర పట్టుకుంటే ఎవరికీ తెలియదమ్మా. రెండూ పక్కపక్కన పెట్టించుకోవాలి. షాపు వేరే అయితే ఇంట్లో ఉన్న పాత పట్టుచీర ఒకటి సంచిలో వేసుకుని వెళ్లండి, సిగ్గేమీ లేదు. అసలు పట్టు గుప్పిట్లో కాసేపు ఉంచితే చేతి వేడి పట్టుకుంటుంది. పాలిస్టరు కలిసినదైతే నున్నగా ఉన్నట్టే ఉంటుంది గానీ వేళ్లు జారిపోతుంటాయి. ఇది మొదటి పరీక్ష మాత్రమే, దీన్నే నమ్ముకోకండి.

తర్వాత చీర తిరగేయించండి. సేల్స్‌మన్ పై వైపే చూపిస్తుంటాడు, మనకు కావాల్సిందంతా వెనక ఉంటుంది. చేత్తో వేసిన బుటా అయితే చాలాసార్లు జరీ పోగు ఆ బుటా దగ్గరే తిరిగి వెనక్కు వస్తుంది, ఒక్కో బుటా దేనికది విడిగా ముగిసినట్టు ఉంటుంది. మరమగ్గం మీద వేసినదైతే పోగు ఆ చివర నుంచి ఈ చివరకు పోతుంది, మధ్యలో మిగిలింది కత్తిరించేస్తారు, అందుకే వెనక వేలు పెట్టి రాస్తే కత్తిరించిన కొసలు గుచ్చుకుంటాయి. అంచు ఒక రంగు, బాడీ ఒక రంగు ఉన్న చీర అయితే ఆ రెండూ కలిసే గీత మీద బొటనవేలు ఆనించి నడిపించండి. విడి నాడెలతో, అంటే అడ్డపోగును అటూ ఇటూ నడిపే సాధనాలతో, నేసి రెండు రంగుల పోగులూ ఒకదాన్నొకటి పట్టుకునేలా చేసిన చోట చిన్న గట్టులా తగులుతుంది. ఇక రెండు అంచుల చివరా సన్నగా సూది గుచ్చిన గుర్తులు వరుసగా కనిపిస్తాయి. నేసేటప్పుడు బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా అడ్డంగా ఒక కర్ర బిగిస్తారు, దాని కొసల్లోని సూదులవి. డ్యామేజీ అనుకుని ధర తగ్గించమని బేరమాడేవాళ్లను చూశాను, అది చేమగ్గానికి ఉన్న గుర్తు.

మీరు అడగలేదు గానీ అందరూ పొరబడే సంగతి ఇంకొకటి. నలిపితే సరసర శబ్దం వస్తే అసలు పట్టు అంటారు. ఆ శబ్దం చాలా వరకు పట్టుకు చివర్లో పులుపు, అంటే ఆసిడ్, పట్టించడం వల్ల వచ్చేది. అది రానంత మాత్రాన నకిలీ కాదు, వచ్చినంత మాత్రాన అసలూ కాదు. బరువూ అంతే, అది జరీని బట్టి కూడా మారుతుంది. ఆ జరీ సంగతి తేలాలంటే పోగు ఒకటి గీకి చూడాలి. అసలు జరీలో పట్టు దారం మీద సన్నటి వెండి తీగ చుట్టి దానికి బంగారు పూత పూస్తారు. రాగి తీగ చుట్టినది తక్కువ రకం. ప్లాస్టిక్ జరీ తేలిగ్గా ఉంటుంది, ధరా తక్కువే. ఈ మూడింటినీ షోరూంలో ‘జరీ’ అనే ఒక్క మాటతో అమ్మేస్తారు, ఏ జరీ అని మీరే నోరు తెరిచి అడగాలి.

లేబుళ్ల సంగతి. సెంట్రల్ సిల్క్ బోర్డు తరఫున 2004 నుంచి ఉన్న సిల్క్ మార్క్, ఆ దారం పట్టే అని మాత్రం చెబుతుంది. అది మరమగ్గం మీద నేసిన పట్టుకూ ఉండొచ్చు. చేత్తో నేసినది అని చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్. 30 వేలు అడిగేవాణ్ణి రెండూ చూపించమనండి. ఇంకా అనుమానం తీరకపోతే కొంగు చివర కుచ్చులోంచి ఒక్క పోగు ఇమ్మని అడిగి కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతే పట్టు. కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టరు. పోగు ఇవ్వనంటే ఇంకో షాపు చూసుకోండి.

తీరిక ఉంటే పెళ్లికి ముందే ఒకసారి లేపాక్షి పోయి రండి. పదహారో శతాబ్దంలో, అచ్యుతరాయల కాలంలో కట్టించిన వీరభద్రాలయం. అక్కడి లతామండపం స్తంభాల మీద రాతిలో చెక్కిన లతలూ డిజైన్లే ధర్మవరం అంచుల మీద జరీలోకి వచ్చాయంటారు. అవి చూశాక షోరూంలో ఏ అంచు నిదానంగా గీసిందో, ఏది కంప్యూటర్‌లో సాగదీసిందో మీకే తెలిసిపోతుంది.

నిమ్మలకుంట తోలుబొమ్మ ల్యాంపు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను మేడం. పలకలా గట్టిగా ఉంది, ఒక పక్క కొంచెం వంగింది. తోలంటే మెత్తగా ఉండాలి కదా? మోసపోయానా?
డిగ్రీ విద్యార్థి, అనంతపురం

మెత్తగా ఉంటేనే అనుమానించాలి. చెప్పుల తోలు, బెల్టుల తోలు మాదిరి దీన్ని ఊనరు, అంటే మందులు పట్టించి మెత్తబరచరు. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకేసి, నలువైపులా లాగి కట్టి ఎండబెడతారు. అప్పుడే దీపం వెలుగు దాని గుండా దూరుతుంది. ఊనిన తోలైతే వెలుగును ఆపేస్తుంది, ఆటకు పనికిరాదు. బొమ్మ గీశాక ఉలితో ఒక్కొక్క రంధ్రం కొడతారు, నగల పూసలూ చీర అంచులూ అన్నీ ఆ రంధ్రాలే, తర్వాత రెండు వైపులా రంగు వేస్తారు. నీ ల్యాంపు వెనక వేలు పెట్టి చూడు తమ్ముడూ. ఉలి దిగిన వైపు రంధ్రం నున్నగా ఉంటుంది, అవతలి వైపు అంచు కొద్దిగా లేచి తగులుతుంది. రంగు రెండు వైపులా ఉందా? లైటు వేస్తే తోలులో సన్న నరాల్లాంటి గీతలు, ఒకచోట పలచన ఒకచోట మందం కనిపిస్తున్నాయా? అయితే నిక్షేపం. అచ్చు వేసిన ప్లాస్టిక్ షీటు అయితే వెలుగు అంతటా ఒకేలా వస్తుంది.

ఆ వంపు గాలిలో తేమ వల్ల వచ్చింది, వానాకాలంలో ఇంకా ఎక్కువ అవుతుంది. తడిబట్ట పెట్టొద్దు, పొడిబట్టతో దులుపు, మడత అసలు పెట్టొద్దు. ఈ పని చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఊరు ధర్మవరం పక్కనే. అనంతపురంలో ఉండి ఆన్‌లైన్‌లో తెప్పించడం ఏమిటయ్యా, బస్సెక్కితే పోయొచ్చేదానికి.

కొత్త ఇంటికి కడప రాయే వేయాలని మా ఆయన పట్టు. వంటింటి గట్టుకు పాలిష్ చేసినదా, ఇప్పుడు ఫ్యాషన్ అంటున్న లెదర్ ఫినిషా?
ఒక గృహిణి, కడప

లెదర్ ఫినిష్ అంటే తోలేమీ కాదు, బ్రష్షులతో రుద్ది రాయిని గరుకుగా, తక్కువ మెరుపుతో వదిలేయడం. చేతికి బాగుంటుంది. కానీ కడప రాయి సున్నపురాయి జాతి, పులుపు తగిలితే పైపొర తినేస్తుంది. నిమ్మకాయ చెక్క, చింతపండు గిన్నె రాత్రంతా పెట్టారంటే పాలిష్ రాయి మీద తెల్లటి రింగు పడుతుంది, అది తుడిస్తే పోదు. గరుకు రాయి మీద అంతగా కనిపించదు, అందుకని గట్టుకు అదే నయం. బాత్రూంలో కూడా గరుకే వేయించండి, కాలు జారదు. బాత్రూంలు కడిగే ఆసిడ్ మాత్రం ఏ ఫినిష్ అయినా దగ్గరకు రానివ్వొద్దు. పాలిష్ హాల్లో వేసుకోండి, మీ ఆయన చుట్టాలకు చూపించుకుంటారు.

బెంగళూరులో పెద్ద హోటల్‌కు మా అల్లుడు తీసుకుపోయినాడు. రాగి సంగటి అని చిన్న గిన్నెలో క్రీములాగా తెచ్చి, పైన ఏదో ఆకు పెట్టినారు. బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు సంగటి ఇట్లే చేస్తారా అక్కా?
రిటైరైన టీచర్, అనంతపురం

చేస్తారు సార్, మనం తినం అంతే. సంగటికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే, తడి చేత్తో ముద్ద విరిస్తే లోపల బియ్యం మెతుకు కనపడాలి. బియ్యం కాస్త ఎక్కువ నీళ్లలో మెత్తగా ఉడికాక దాని మీద రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా, మూతపెట్టి సన్న మంట మీద మగ్గనివ్వాలి. తొందరపడి అప్పుడే కలిపితే ఉండలు కడుతుంది, పచ్చివాసన కూడా పోదు. మగ్గాక గిన్నె దించి, రెండు కాళ్ల మధ్య పట్టుకుని తెడ్డుతో కెలకాలి, చెయ్యి నొప్పి పుట్టేదాకా. ముద్ద చేసేటప్పుడు చేయి తడుపుకుంటే పైన నున్నగా వస్తుంది, లోపల మాత్రం మెతుకు మెతుకుగా ఉంటుంది. ఆ తేడా ఉంటేనే నాటుకోడి పులుసులో ముంచిన ముద్ద పులుసును పట్టుకుంటుంది. అంతా మిక్సీలో తిప్పి క్రీము చేస్తే పులుసు పక్కకు జారిపోతుంది, అందుకే వాళ్లు పైన ఆకు పెట్టాల్సి వచ్చింది.

ఉగ్గాణి కూడా ఇట్లాగే పాడైపోతోంది. బొరుగులు నీళ్లలో వేసి వెంటనే పిండేయాలి, ఒక్క నిమిషం ఆదమరిస్తే గుజ్జే. పుట్నాల పొడి చివర్లో చల్లాలి, తాలింపులో వేస్తే తడిసిపోయి జిగటగా తయారవుతుంది. పక్కన మిరపకాయ బజ్జీ కరకరలాడాలి. మెత్తటిదీ కరకరదీ ఒకే నోట్లో పడటమే ఆ టిఫిన్ సంగతంతా. మీ అల్లుడిని ఈసారి పొద్దున్నే ఒక బండి దగ్గరకు తీసుకుపొండి, బిల్లు మీరే ఇవ్వండి.

మేడం, మొదటిసారి ఒక ఫారిన్ బ్రాండు హ్యాండ్‌బ్యాగు కొందామనుకుంటున్నా. సఫియానో లెదర్ అంటున్నారు, ఆ గీతలు సహజంగా వచ్చినవేనా?
బ్యాంకు ఉద్యోగిని, కర్నూలు

కాదు. తోలు మీద వేడి అచ్చుతో నొక్కి, పైన పూత వేస్తారు. ప్రాడా వాళ్ల పేరుతో ప్రపంచమంతా తెలిసిన రకం అది. గీతలు పడకుండా, తేమ తగిలినా తట్టుకునేలా ఉంటుంది, ఆఫీసుకు మంచిదే. పాత తోలులాగా వాడేకొద్దీ రంగు మారి చేతికి అలవాటవ్వాలని ఆశపడితే మాత్రం అది జరగదు. ఖరీదైన గరుకంతా చేతిపని కాదు, కొంత గరుకు మిషన్‌దే. తెలిసి కొంటే ఏ గొడవా లేదు.

కల్యాణదుర్గం కంబళితో కోటు కుట్టించుకోవచ్చా? మెడ దగ్గర గీరుకుంటుందేమోనని టెన్షన్.
హైదరాబాదులో ఉండే అనంతపురం అమ్మాయి

గీరుకుంటుంది. మన దక్కని గొర్రె ఉన్ని మందం, దానికి తోడు పడుగుకు, అంటే నిలువు పోగులకు, చింతగింజల గంజి పెడతారు, కొత్తలో అట్టలా ఉంటుంది. లోపల నూలు లైనింగ్ వేయించి, కాలరుకు వేరే బట్ట పెట్టించు. వాన చినుకు తొందరగా దిగదు, గొర్రెలకాపరులు దాన్ని మోసేది అందుకే గదా.

మీరు చేతిపనిలో ఉండే తేడా గుర్తుపట్టమంటారు. మా నాయన ధర్మవరంలో నేస్తాడు. ఆయన చీరలో తేడా కనపడితే కూలిలో కోత పెడతారు. అదే చీరను షోరూంలో ‘చేతిపని అందం’ అని చెప్పి అమ్ముతారు. దీనికేమంటారు?
నేతన్న కొడుకు

కోపం వచ్చి రాసినట్టున్నావు, రావాల్సిందే. నేను గుర్తుపట్టమన్నది పొరపాటును కాదు తమ్ముడూ, చేతి జాడను. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసే మీ నాయన ప్రతి దెబ్బా సమానంగా పడాలనే చూస్తాడు. ఎగుడుదిగుడుగా వస్తే అందం అని ఏ నేతగాడూ అనుకోడు, అది కొనేవాళ్ల సరదా. నా చేతికి వచ్చిన మంచి ధర్మవరం చీరలన్నీ వేలికి ఎక్కడా తగలనంత సమానంగా ఉన్నవే.

కోత సంగతికి వస్తే తేడాల్లో రకాలున్నాయి. పోగు తెగి ముడి పైకి వచ్చినా, పేక, అంటే అడ్డపోగు, తప్పి సందు పడినా అది లోపమే, దానికి ధర తగ్గడం న్యాయం. కానీ సాయంత్రం ఆపి పొద్దున మళ్లీ మొదలుపెట్టిన చోట సన్నటి గీత కనపడుతుంది చూడు, అంచున సూది గుర్తులు ఉంటాయి చూడు, వానలకు గుంటలో తేమ చేరి పడుగు బిగువు మారిన చోట కొంచెం వదులుగా తగులుతుంది చూడు, ఇవి మగ్గం మీద నేసే ఎవరి చీరలోనైనా వచ్చేవే. వీటికి కోత పెట్టి, అవే గుర్తులు కస్టమర్‌కు చూపించి ఎక్కువ ధర వసూలు చేస్తుంటే, ఒకే గుర్తు మీద రెండుసార్లు సంపాదిస్తున్నట్టే కదా.

కోత పెట్టిన ప్రతిసారీ ఏ తేడాకు పెట్టారో కాగితం మీద రాసివ్వమని అడగండి. చీర ఇచ్చే ముందు ఆ చోటును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మీ నాయన మొహమాటపడితే నువ్వు పో. అదే చీర తర్వాత ఏ షోరూంలో ఎంతకు వేలాడుతోందో నీకు కనపడితే ఆ ఫోటో, ఆ కాగితం రెండూ నాకు పంపు.