అల్లుడూ, ముందు చక్రం ఆడించు, వెల్డింగ్ తర్వాత

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 1929 ఫోర్డ్ మోడల్ ఏ ఛాసిస్ (కారు అడుగు ఫ్రేము), అదీ పెద్దగా తుప్పు లేకుండా దొరికిందంటే అదృష్టమే. ముందు చక్రాల సస్పెన్షన్ నేనే డిజైన్ చేసుకుంటాను మావయ్యా అన్నావు, కంప్యూటర్లో బొమ్మ కూడా గీశావు. బొమ్మ బాగుంది. కాకపోతే అందులో కారు కదలడం లేదు, ఊరికే నిలబడి ఉంది. నా గొడవంతా దాని గురించే.

ముందు బీమ్ యాక్సిలా (రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం), ఇండిపెండెంటా (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడేది) అన్నది తేల్చుకో. మోడల్ ఏకైనా, తర్వాత 1932 కారుకైనా ఫోర్డ్ వాళ్లు ముందు పెట్టిన ఏర్పాటు ఒకటే: దూలం లాంటి యాక్సిల్, దాని మీద అడ్డంగా ఒకే కమాను, యాక్సిల్‌ని వెనక నుంచి పట్టుకుని ఉండే వీ ఆకారపు విష్‌బోన్. ఫెండర్లు (మడ్‌గార్డులు) పీకేసిన కారైతే నా ఓటు దానికే. ముందు నిలబడి చూసేవాడి కళ్లు నేరుగా ఆ యాక్సిల్ మీదే పడతాయి, అక్కడ బ్రాకెట్ల గుంపు కనబడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఫెండర్లు ఉంచుకుని హైవే మీద తెగ తిరగాలనుకుంటే మాత్రం ఫోర్డ్ మస్టాంగ్ టూ తరహా డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు కంట్రోల్ ఆర్మ్స్ పట్టుకునే ఇండిపెండెంట్ ఏర్పాటు) మంచిది. 1974–78 మధ్య వచ్చిన ఆ చిన్న కారు డిజైన్‌నే ఇప్పటికీ అందరూ కాపీ కొడుతున్నారు. అయితే దాన్ని పెట్టే చోట ఫ్రేముని బాక్సింగ్ చేయకుండా (తెరిచిన వైపు రేకు వేసి మూయకుండా) ఊరుకోకు. మోడల్ ఏ ఫ్రేము ఒకవైపు తెరిచి ఉన్న సీ ఛానల్. కంట్రోల్ ఆర్మ్స్ లాగే లాగుడుకి అది మెలిపడుతుంది.

నువ్వు గీసింది ట్యూబ్ యాక్సిల్ (గొట్టం యాక్సిల్), దానికి హెయిర్‌పిన్ రాడ్లు (జడపిన్ను ఆకారంలో యాక్సిల్‌ని వెనక నుంచి పట్టే రాడ్లు). సరిగ్గా ఇదే తప్పు నేనూ చేశాను. రెండు రాడ్లూ యాక్సిల్‌ని గట్టిగా పట్టుకుని, వెనక ఫ్రేముకి చెరోవైపు బిగిసి ఉంటాయి కదా. ఇంటి ముందు డ్రైవ్‌వే అంచు మీదికి ఒక చక్రం ఎక్కిందనుకో. ఆ వైపు యాక్సిల్ చివర ఒక పక్కకి తిరగాలంటుంది, రెండో చివర ఉన్నచోటే ఉంటానంటుంది. మధ్యలో యాక్సిల్ మెలితిరగాలి. పాత ఐ బీమ్ (I ఆకారపు దూలం) ఆ మాత్రం మెలిక తిరుగుతుంది. గొట్టం తిరగదు. ఆ బలమంతా బ్రాకెట్ల మీద పడుతుంది. నా కారుకి రెండు నెలలైనా కాకముందే వెల్డింగ్ పక్కన వెంట్రుకంత గీత కనిపించింది. పెయింటు చిట్లిందేమో అనుకుని గోటితో గీకాను, గోరు లోపలికి దిగింది. కాబట్టి ట్యూబ్ యాక్సిలే కావాలంటే ఫోర్ బార్ (చెరోవైపు రెండేసి సమాంతర రాడ్లు) పెట్టు, హెయిర్‌పిన్లే కావాలంటే ఐ బీమ్ వెతుక్కో. రెండూ కలపకు.

ఇక స్టీరింగ్. వేగా బాక్సు (షెవ్రోలే వేగా కారు స్టీరింగ్ గేరు పెట్టె) పెట్టి డ్రాగ్ లింకుని (ఆ బాక్సు నుంచి చక్రానికి వెళ్లే రాడ్డుని) అడ్డంగా తీసుకెళ్తున్నావు, బాగుంది. అడ్డ కమానుకి రెండు చివర్లా షాకిళ్లు (ఊగే చిన్న పట్టీలు) ఉంటాయి, వాటి మీద కారు పక్కకి ఊగగలదు. నువ్వు స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే లోపు ఫ్రేమే కాస్త పక్కకి జరుగుతుంది. పాన్‌హార్డ్ రాడ్డు (ఫ్రేముకీ యాక్సిల్‌కీ మధ్య అడ్డంగా పెట్టే రాడ్డు) ఆ ఊగుడుని ఆపుతుంది. అది డ్రాగ్ లింకుకి సమాంతరంగా, వీలైనంత వరకు అంతే పొడవుగా ఉండాలి. అప్పుడే రెండూ ఒకే చాపంలో కదులుతాయి. కురచగా పెడితే గుంత వచ్చినప్పుడల్లా కారు తనంతట తాను స్టీరింగ్ తిప్పుకుంటుంది.

ఇంకోటి, టై రాడ్డు, అంటే రెండు ముందు చక్రాలనీ కలిపి తిప్పే రాడ్డు. ఇంజిన్ సంపుకి (అడుగున ఉండే ఆయిల్ తొట్టికి) తగులుతోందని దాన్ని యాక్సిల్ ముందుకి మార్చేవాళ్లు ఉన్నారు. స్టీరింగ్ ఆర్మ్స్ (టై రాడ్డు తగిలే చేతులు) వెనక యాక్సిల్ మధ్యకి చూస్తున్నట్టు వంగి ఉంటేనే మలుపులో లోపలి చక్రం ఎక్కువ తిరుగుతుంది. వాటిని అలాగే ముందుకి తిప్పేస్తే లెక్క తలకిందులవుతుంది, టైర్లు రోడ్డుని గీకుతూ తిరుగుతాయి. ముందుకే పెట్టక తప్పదంటే ఆర్మ్స్ బయటివైపు విప్పారాలి. అప్పుడు చక్రానికీ బ్రేకుకీ తగులుతాయేమో చూసుకోవాలి.

క్యాస్టర్ (చక్రం పక్కకి తిరిగే కీలు వెనక్కి వాలే కోణం) బీమ్ యాక్సిల్‌కి 5 నుంచి 7 డిగ్రీలు, టో ఇన్ (చక్రాల ముందంచులు లోపలికి చూడటం) అంగుళంలో ఎనిమిదో వంతు. దీని మీద ఎక్కువ చెప్పడానికేం లేదు. చక్రాలు గజగజా వణుకుతుంటే చాలామంది వణుకుని అణిచే డాంపర్ కొని తగిలిస్తారు. ముందు కింగ్ పిన్లు (చక్రం పక్కకి తిరగడానికి కీలుగా ఉండే పిన్నులు) వదులయ్యాయా, చక్రాల బ్యాలెన్స్ ఉందా, క్యాస్టర్ తప్పిందా అని చూడాలి.

అసలు పని ఇప్పుడు చెప్తాను, ఇది తప్పించుకోకు. ఏదీ పూర్తిగా వెల్డ్ చేయకు, టాకులే (తాత్కాలికంగా చిన్న చిన్న వెల్డ్ చుక్కలు) వెయ్యి. కమాను తీసేసి, కారు దిగాక ఉండాల్సిన ఎత్తులో ఫ్రేముని స్టాండ్ల మీద నిలబెట్టు. స్టీరింగ్ తిరగకుండా కట్టేసి, హబ్బుకి (చక్రం నడిమి భాగానికి) ఒక సన్నని రాడ్డు ముందుకి తగిలించి, చివర పెన్సిల్ కట్టు. ఎదురుగా నిలువుగా ఒక అట్ట పెట్టు. జాకీతో ఆ చక్రాన్ని ఒక్కో అంగుళం చొప్పున 3 అంగుళాలు పైకి, తర్వాత 3 అంగుళాలు కిందికి ఆడించు. పెన్సిల్ గీత నిటారుగా వస్తే చక్రం పైకీ కిందికీ ఆడినా తనంతట తాను పక్కకి తిరగడం లేదన్నమాట, సంతోషం. పక్కకి వంగితే లింకు చివర ఎత్తు తప్పిందన్నమాట. చిన్న ముక్కలు పెట్టి పైకీ కిందికీ జరుపుతూ మళ్లీ గీయి. మా గ్యారేజీలో ఆ అట్ట మీద పదకొండు గీతలు పడ్డాక పన్నెండోది నిటారుగా వచ్చింది. రెండు వారాంతాలు పోయాయి, మీ అత్తయ్య పలకరించడం మానేసింది. ఆ పదకొండింట్లో ఒక్కటీ కంప్యూటర్ బొమ్మలో కనపడలేదు.

మీ స్నేహితుడు ఇండిపెండెంట్ పెడుతున్నాడన్నావు కదా, అతనికీ ఇదే పరీక్ష. ఫ్రేముకి సరిపోవాలని క్రాస్ మెంబరుని (ఫ్రేము అడ్డ దూలాన్ని) కురచ చేసి, స్టీరింగ్ ర్యాకుని (టై రాడ్లని పక్కకి తోసే పళ్ల కడ్డీని) మాత్రం పాత పొడవుతోనే వదిలేస్తుంటారు. ముందు నుంచి చూస్తే టై రాడ్డు లోపలి కీలు, పై ఆర్మ్ కింది ఆర్మ్ లోపలి కీళ్లని కలిపే గీత మీదికి రావాలి. రాకపోతే ఆ పెన్సిల్ ఊరుకోదు. స్ప్రింగు దగ్గరా లెక్క తప్పుతారు. కింది ఆర్మ్ మధ్యలో స్ప్రింగు పెడితే 400 పౌండ్ల స్ప్రింగు (అంగుళం నొక్కడానికి 400 పౌండ్ల బలం కావాల్సింది) చక్రం దగ్గర 100 పౌండ్లే అవుతుంది, సగం కాదు నాలుగో వంతు. దాన్ని 30 డిగ్రీలు వాలిస్తే అందులోంచి ఇంకో పావు పోతుంది.

బోల్టులు గ్రేడ్ 8వి (గట్టి రకం) వాడు. రాడ్ ఎండ్లకి (బంతి కీలు ఉండే రాడ్డు చివర్లకి) పెద్ద వాషర్లు వెయ్యి, లోపలి బంతి ఊడినా రాడ్డు జారిపోకుండా పట్టుకుంటాయి. స్పిండిళ్లకి (చక్రం ఎక్కే ఇరుసులకి), స్టీరింగ్ ఆర్మ్స్‌కి వెల్డింగ్ చేయనే చేయకు. మెరుపు కోసం క్రోమ్ వేయించాలనుకుంటే, ప్లేటింగ్ అయిన వెంటనే బేక్ చేస్తారో లేదో అడుగు. చేయకపోతే ఇనుములోకి చేరిన హైడ్రోజన్ వల్ల గట్టి ముక్క కూడా పెళుసుబారి విరుగుతుంది.

సరే, ఈ శనివారం కమాను విప్పి మొదటి గీత గియ్యి. గీత వంకరగా వచ్చినా సరే, ఆ అట్ట ఫొటో తీసి పంపు. పైకి ఏది, కిందికి ఏది అని రాయడం మాత్రం మర్చిపోకు.

నీ మావయ్య